పరుపుల బస్సు మెట్టు

తెల్లవారి నమాజు చేసుకుని, చాప చుట్టి పక్కన పెట్టి, షాజాదీ బేగం టీకి నీళ్ళు పెట్టింది. నీళ్ళు కాగేలోపల ఊళ్ళ పేర్లు చెప్పుకోవడం ఈ మధ్య ఆమెకి అలవాటయింది. దక్షిణాన మొదలుపెట్టి, తమ బస్సు ఆగే జాలరి పాళేలన్నీ వరసగా, పెదవి కదపకుండా చెప్పుకుంటుంది. ఎక్కడా తట్టుకోకుండా చివరిదాకా వస్తే అది మంచిరోజు. ఒక్కో రోజు నడుమ ఏదో ఒక ఊరు జారిపోయేది. అప్పుడు మళ్ళీ మొదటికి పోయేది. ఇక్కడ నీళ్ళు మరిగి మరిగి సగానికొచ్చేవి.

ఆ పొద్దు అన్ని ఊళ్ళూ వచ్చాయి. ఆ సంతోషంలో టీ గ్లాసు పట్టుకుని, కింద బస్సు అద్దం తుడుస్తున్న మొగుడికి ఇద్దామని తలుపు దగ్గరికి వచ్చి కాలు కిందికి పెట్టబోయింది. మెట్టు ముడుచుకుంది.

కాలు గాల్లో ఉండిపోయింది. షాజాదీ తలుపు పట్టుకుని వెనక్కి తిరిగి చూసింది. పైన గిన్నె లేకుండా గ్యాసు పొయ్యి నీలంగా మండుతోంది. పోయి కట్టేసి వచ్చింది. మెట్టు మెల్లగా కిందికి దిగి, ఎప్పటిలాగే కాలికి అందింది.

"ఏం మరిచినావు?" అన్నాడు దరియావలి, అద్దం మీదినుంచి గుడ్డ తియ్యకుండానే.

"ఏం లేదు."

"ఏం లేకుండానే ముడుచుకుందా?"

"టీ తాగయ్యా, చల్లారిపోతాది."

దరియావలి వాళ్ళది దూదేకుల ఇల్లు. ఆయన తాత విల్లు భుజాన వేసుకుని ఊరూరా దూది ఏకినవాడు. ఈయన మాత్రం కుర్రతనంలోనే స్టీరింగు పట్టుకుని, కృష్ణపట్నంలో ఒక కంపెనీకి మనుషుల్ని చేరవేసే బస్సు తోలాడు. బస్సు ముసలిదయిందని అమ్మకానికి పెట్టిన ఏడాదే, ఆయన కూడా ముసలివాడయ్యాడని ఇంటికి పంపారు. ఇద్దరినీ ఒకేసారి సాగనంపడం చూసి ఆయన ఆ బస్సునే ఇంటికి తెచ్చుకున్నాడు. సీట్లు పీకించి, వెనక దూది ఏకే మిషను, నడుమ పరుపులు కుట్టే చోటు, ముందువైపు ఒక మంచం, పొయ్యి, నీళ్ళ డ్రమ్ము పెట్టించాడు. అప్పటినుంచి ఇల్లూ అదే, అంగడీ అదే. సముద్రం వెంబడి పాళెం తర్వాత పాళెం తిరుగుతూ, రాయిలా గట్టిపడ్డ పాత పరుపులు విప్పి, ఆ దూదినే మళ్ళీ ఏకి, కొత్త గుడ్డలో నింపి కుట్టి ఇస్తారు. జనం దాన్ని పరుపుల బస్సు అంటారు.

బస్సుకు పుట్టుకతో వచ్చిన మెట్లు ఎప్పుడో తుప్పుపట్టి రాలిపోయాయి. చెంగయ్య అని పాళెంలో చేపలు పట్టే ఆయన, తన పాత పడవ విప్పేటప్పుడు అందులోంచి ఒక పలక ఇచ్చాడు. దాన్ని రెండు ఇనుప చేతులకి బిగించి తలుపు కింద తగిలించారు. బస్సు కదిలేటప్పుడు పైకి మడిచి, ఆగినాక కిందికి దించుకోవాలి. అయితే లోపలివాళ్ళు ఏదైనా మరిచిపోయి దిగబోతే మాత్రం ఎవరూ మడవకుండానే మెట్టు ముడుచుకునేది. మరిచింది గుర్తొచ్చేదాకా దిగనిచ్చేది కాదు. ఒడ్డుకొచ్చినాక అన్నీ తీసుకున్నారా అని చూసుకోవడం పడవకి అలవాటే కదా అన్నాడు చెంగయ్య. అంతకుమించి దాని సంగతి ఎవరూ ఎత్తలేదు.

పాళేల్లో అందరికీ తెలిసిన మెట్టే. ఒకసారి దుర్గ అనే పిల్ల దిండ్లు తీసుకుని గబగబా దిగబోతే ముడుచుకుంది. దుర్గ సెల్లు చూసుకుంది, తాళంచెవి చూసుకుంది, చెవుల కమ్మలు తడుముకుంది. కింద నిలబడ్డ ఆడవాళ్ళు తలా ఒకటి చెప్పారు. చివరికి లోపలినుంచి ఏడుపు వినపడింది. ఏకిన దూది మీద తను పడుకోబెట్టిన చంటిబిడ్డ నిద్ర లేచింది. ఆ బిడ్డని ఇప్పటికీ దూదిపిల్ల అనే పిలుస్తారు.

ఆ రోజు మధ్యాహ్నం చెంగయ్య పెళ్ళాం నాగులమ్మ, చీర కొంగులో ఏదో మూటకట్టుకుని, అటూ ఇటూ చూసుకుంటూ బస్సెక్కింది. ఎండాకాలం, చేపల వేట ఆపేసిన రోజులు. పడవలు ఒడ్డున ఉండే ఆ రెండు నెలలే పాళెంలో పరుపుల పనికి తీరిక.

"షాజాదక్కా, మీ ఆయన లేడు గదా?"

"ముత్తుకూరుకి దారం తెచ్చేదానికి పోయినాడు. ఏందే అట్టా దొంగమాదిరి వచ్చినావు?"

"మెల్లగా మాట్లాడు. ఉషకి మూడో నెల."

దబ్బనం పట్టుకున్న షాజాదీ చెయ్యి ఆగింది. ఉష నాగులమ్మ కోడలు. ముందు రెండు తూర్లు కడుపు నిలవలేదు. రెండోసారైతే సంతోషం పట్టలేక నాగులమ్మ ముందే చిన్న చొక్కాలు కుట్టించి, ఉయ్యాల తెచ్చి దూలానికి కట్టింది. ఆ తర్వాత ఆ ఉయ్యాల విప్పడానికి ఇంట్లో ఎవరికీ చేతులు రాక, పక్కింటివాళ్ళు వచ్చి విప్పారు.

"ఈ తూరి ఎవురికీ చెప్పలా. పుట్టేదాకా గుడ్డపీలిక కూడా కుట్టించను. దూది మటుకు ఇప్పుడే నీ చేతిలో పెడతుండా." నాగులమ్మ కొంగు విప్పింది. "నా పరుపులోది. నేను ఇంత ముసిలిదాన్నయినా గదక్కా, నా దూదిలో పండుకుంటే ఆ బిడ్డ కూడా ముసిలిదవతాది."

"అవతాది. ఎందుకు కాదు? మనకంటే ముసిలిదవతాది."

"కార్తీక మాసంలో కాన్పు. పుట్టినాక నేనొచ్చి చెప్తా, అప్పుడు కుట్టు. అప్పటికి ఈ పాళెంలోనే ఉండాల నువ్వు. అందాకా ఎవురికీ చెప్పబాక. మీ ఆయనకి కూడా."

"ఆయనకి చెప్తే మైకులో చెప్పినట్టే. ఉంటాలే నాగులమ్మా. మాటిస్తుండా."

నాగులమ్మ దిగింది. మెట్టు కదలకుండా నిలబడింది.

దూదేకులవాళ్ళ పనిలో పెద్ద తప్పు ఒక ఇంటి దూది ఇంకో ఇంటి దూదిలో కలవడం. పెళ్ళినాటి పరుపు, తల్లి కన్నుమూసిన పరుపు, బిడ్డలు తడిపిన పరుపు, ఎవరిది వాళ్ళకే పోవాలి. అందుకని ఏ పరుపు విప్పితే దాని పాత గుడ్డలోంచే ఒక పీలిక చించి, ఆ దూది మూటకి కడతారు. నీలం చారలుంటే, అందరి ఇళ్ళ సంగతులూ కావలసిన పిచ్చమ్మది, ఎర్రపూలుంటే దుర్గది. పీలిక చూడగానే మనిషి గుర్తుకు రావాలి.

కానీ నాగులమ్మ పరుపు పచ్చగళ్ళ గుడ్డ పాళెంలో అందరికీ తెలుసు. ఆ పీలిక చూస్తే, నాగులమ్మ పరుపు ఇంట్లో ఉండగా ఇంత చిన్న మూట ఎందుకని పిచ్చమ్మ ఇట్టే పట్టేస్తుంది. షాజాదీ ఆలోచించి, తన పాత చీర అంచులోంచి ఒక పీలిక చించి మూటకి కట్టింది. మంచం కింద, గోడవైపు తోసింది. తన తెలివికి తనే మురిసింది.

ఎండలు పోయాయి. బస్సు పాళేలు తిరుగుతూనే ఉంది. మెట్టు వదులవడం మొదలయింది.

ముందు లొడలొడమని చప్పుడు. తర్వాత కాలు పెడితే ఒక పక్కకి ఒరిగేది. మునుపు మర్యాదగా, మనిషి తల వంచినట్టు ముడుచుకునే మెట్టు, ఇప్పుడు విదిలించినట్టు ముడుచుకునేది. పరుపుల బరువుకి అరిగిపోయిందని దరియావలి అనేవాడు. షాజాదీ ఊకొట్టేది. ఆమెకి తెలుసు. పొద్దున కళ్ళజోడు, కాసేపటికి దబ్బనం, మధ్యాహ్నం మాత్రలు, సాయంత్రం ఎందుకు దిగుతోందో ఆ సంగతే. ఆమె దిగబోయిన ప్రతిసారీ ముడుచుకుని, మళ్ళీ దిగి, ముడుచుకుని, ఆ ఇనుప చేతుల చీలలు ఎన్నాళ్ళని ఓర్చుకుంటాయి? పాళెం ఆడవాళ్ళు కూడా "ఏమక్కా, ఈసారేంది?" అని నవ్వడం మానేశారు. ఆమె కాలు గాల్లో ఉండిపోతే, చూడనట్టు సముద్రం వైపు తిరిగేవాళ్ళు. నవ్వితేనే బాగుండేది అనిపించేది షాజాదీకి.

వానలు పట్టిన కొత్తల్లో ఒక బోల్టు ఊడిపోయింది. దరియావలి పరుపు నెత్తిన పెట్టుకుని దిగుతుంటే మెట్టు ఒక పక్క కిందికి వేలాడింది. ఆయన పడ్డాడు. పడ్డది పరుపు మీదే గనక మోకాలు గీసుకుపోయి కుంటడంతో సరిపోయింది. "నా పరుపు ఎంత మెత్తగా ఉంటాదో ఇన్నాళ్ళకి నాకు తెలిసింది" అని ఆ రోజంతా కనపడ్డవాళ్ళకల్లా చెప్పాడు.

సాయంత్రం కొడవలూరులో ఉన్న కూతురు సాహిరకి కూడా ఫోనులో అదే చెప్పి నవ్వాడు. తర్వాత ఆయన గొంతు తగ్గింది. లోపల బియ్యం కడుగుతున్న షాజాదీ కుళాయి కట్టేసింది.

"పరుపుల బరువుక్కాదు తల్లీ. మీ అమ్మకి ఊరికే ముడుచుకుంటుండాది. నేను చూడనట్టు ఉంటుండా. ఏం చెప్పేది ఆమెకి?"

అంటే ఆయనకి తెలుసు. ఎప్పటినుంచో తెలుసు. షాజాదీ బియ్యంలో చెయ్యి పెట్టుకుని అలాగే నిలబడింది. కోపం రాలేదు. ఇంత వాగుడుకాయ ఇన్నాళ్ళు ఈ ఒక్క మాట ఎలా దాచాడా అనిపించింది.

మర్నాడు ఆయన మెల్లగా ఎత్తాడు. వానల్లో దూది ఆరదు కదా, కొడవలూరు పోదామన్నాడు. సాహిర గది సిద్ధం చేసిందన్నాడు. వెంకటాచలంలో ఉండే జయకుమార్ టిఫిను అంగడి పెట్టుకోవడానికి బస్సు అడుగుతున్నాడు, దారిలో మెట్టు బాగుచేయించి, సామాను దించినాక ఇచ్చేద్దామన్నాడు. ఒక్కో మాటకీ నడుమ ఆగి ఆమె ముఖం చూశాడు.

"సరే" అంది షాజాదీ.

రోజూ ఊళ్ళ పేర్లు చెప్పుకుని, రోజూ ఓడిపోయి, ఆమె అలిసిపోయింది. గుడ్డలు సర్దుకుంది. మంచం కింద గోడవైపు ఏముందో ఆమెకి గుర్తులేదు.

వెంకటాచలం దగ్గర హైవే పక్కన టైటస్ వెల్డింగు షెడ్డు. టైటస్ సాహిర మొగుడు నవీద్‌తో కలిసి చదువుకున్నవాడు. నోరు ఊరుకోదు, వస్తువు పెట్టినచోట పెట్టినట్టు గుర్తుండదు. వాన చినుకుల్లో గోనెసంచి పరుచుకుని బస్సు కింద దూరాడు.

"పెద్దమ్మా, చెక్క రాయి మాదిరి ఉండాది. పాపం ఇనుమే అలిసిపోయింది. ఈ చీల చూడు, నడుమ పుల్లమాదిరి అయిపోయింది. బోల్టు బొక్కలు కోడిగుడ్డంత సాగినాయి. నా స్పానరు యాడ పెట్టినా?"

"నీ నడుం కింద ఉండాది" అన్నాడు దరియావలి.

మెట్టు ఊడదీసి బల్లమీద పెట్టాక టైటస్ చేతులు తుడుచుకుంటూ ఇబ్బందిగా నిలబడ్డాడు. "సాహిరక్క ఫోను చేసింది. ముడవకుండా వెల్డింగు పెట్టేయమంది. పలక తీసేసి గళ్ళ రేకు వేస్తే, అంబులెన్సు మెట్టు మాదిరి గట్టిగా ఉంటాది. పెద్దమ్మ పడతాదేమో అని అక్క ఏడుస్తుండాది."

"అదే మేలు" అన్నాడు దరియావలి రోడ్డు మీద పోయే లారీలు చూస్తూ.

షాజాదీ బల్లమీది పలకని చూసింది. ఆమెకి ఆశ పుట్టింది. వెల్డింగు పెట్టేస్తే ఇక కాలు గాల్లో ఉండదు. జనం చూడనట్టు పక్కకి తిరగనక్కర్లేదు. అందరిలాగా తనూ హాయిగా మరిచిపోవచ్చు, మరిచినట్టు కూడా తెలియకుండా.

"టైటస్, వెల్డింగు పెట్టేస్తే మనం మరిచింది దానికి తెలియకుండా పోతాదా?"

టైటస్ నల్లద్దాలు నుదుటిమీదికి తోసుకున్నాడు. "తెలుస్తాది పెద్దమ్మా. చెప్పలేకపోతాదంతే."

షెడ్డు రేకుల మీద వాన పెద్దదయింది. షాజాదీకి తన తల్లి గుర్తుకొచ్చింది. పక్షవాతంతో నోరు పడిపోయాక ఏడాది మంచంలో ఉంది. మనిషి ఎదటికి వస్తే కళ్ళు పెద్దవి చేసి, గొంతులో ఏదో కదిలించి, కదిలించి, గోడవైపు తిరిగిపోయేది. ఆమె ఏం చెప్పాలనుకుందో ఈ రోజుకీ ఎవరికీ తెలియదు.

"అయితే వద్దు" అంది షాజాదీ. "ముడుచుకోనీ."

"షాజాదీ, నువ్వు పడితే..."

"పడకుండా పట్టుకోను ఏదన్నా పెట్టమను. మన బస్సు పాత రాడ్డు ఉండాది గదా వెనక, జనం నిలబడి పట్టుకునేది. దాన్ని కోసి తలుపు పక్కన పెట్టు నాయనా."

"సాహిరక్క నన్ను తిడతాది పెద్దమ్మా."

"సాహిరక్కని నేనే కన్నా. నా పేరు చెప్పు."

టైటస్ సాగిన బొక్కలు వదిలేసి పక్కన కొత్తవి వేశాడు. పలక వెనక మందపాటి ఇనుప పట్టీ పెట్టి, పొడుగు బోల్టులు బిగించి, ఒక్కో బోల్టుకి రెండేసి నట్లు వేశాడు. చీలలు రెండూ మార్చి గ్రీజు పూశాడు. రాడ్డు కోసి, తలుపు పక్కన నిలువుగా అతికించి, దానికి వేలాడి చూశాడు. చివరికి బస్సెక్కి లోపలివైపు నట్లు బిగించి, "అయిపోయింది పెద్దమ్మా" అంటూ దిగబోయాడు.

మెట్టు ముడుచుకుంది. మునుపటిలా మెల్లగా, చప్పుడు లేకుండా.

టైటస్ రాడ్డు పట్టుకుని, ఒంటికాలి మీద నవ్వాడు. "స్పానరు లోపలే పెట్టేసినా."

కొడవలూరులో సాహిర ఇల్లు వరిపొలాల అంచున ఉంది. నాట్లు పడుతున్నాయి. బస్సు ఆగేసరికి సాహిర, నవీద్ గేటు దగ్గరికి వచ్చారు. నవీద్ గదికి తనే సున్నం వేసినట్టున్నాడు, మోచేతుల దాకా తెల్లగా ఉన్నాడు. దరియావలి దిగాడు. మెట్టు కదల్లేదు. షాజాదీ సంచి భుజాన వేసుకుని, రాడ్డు పట్టుకుని కాలు పెట్టబోయింది.

ముడుచుకుంది.

"ఇదేంది నాయనా?" సాహిర నిర్ఘాంతపోయింది. "వెల్డింగు పెట్టలా?"

"మీ అమ్మ వద్దనింది. రాడ్డు పెట్టించింది."

షాజాదీ లోపలికి పోయి కళ్ళజోడు తెచ్చుకుంది. ముడుచుకుంది. మాత్రల డబ్బా తెచ్చుకుంది. ముడుచుకుంది. దబ్బనాలు, నమాజు చాప, టీ గిన్నె, కొత్త చీర. ఒక్కొక్కటీ తలుపు దగ్గర కుప్పపడ్డాయి. నవీద్ కింద నిలబడి "ఛార్జరేమో అత్తా" అన్నాడు. దరియావలి "పొయ్యి చూసినావా?" అన్నాడు. రోడ్డున పోయే కూలీలు ఇద్దరు ఆగి, గొడుగు ఏమో అన్నారు.

"జరుగమ్మా, నేను చూస్తా" అని సాహిర బస్సెక్కింది. సీసాలు కదిలించింది, దిండ్లు ఎత్తింది, మంచం కింద చెయ్యిపెట్టి గోడవైపునుంచి ఒక చిన్న మూట లాగింది. "ఇదేంది? నీ చీర పీలికే గదా. నీదేలే, పెట్టుకో." తల్లిని మంచం మీద కూర్చోబెట్టి, మూట ఆమె ఒళ్ళో పెట్టి, సంచి తీసుకుని విసురుగా దిగబోయింది.

మెట్టు ముడుచుకుంది.

"నాకెందుకు?" సాహిర రాడ్డు పట్టుకుని అరిచింది. "నేనేం మరిచినా? నా ఇంటి ముందర నేను!"

నవీద్ గాలి పీల్చాడు. "సాహిరా, ఏందో మాడుతుండాది."

"పాలు!" మెట్టు దిగడం, సాహిర దూకడం ఒక్కసారే జరిగాయి. సంచి బురదలో పడింది. నవీద్ ఆమె వెనకాలే పరిగెత్తాడు. దరియావలి ఒక్కడే నవ్వుతూ నిలబడి, తర్వాత నవ్వడం బాగుండదని సంచి తీసి తుడవసాగాడు.

బస్సులో షాజాదీ ఒంటరిగా మూటని చూస్తూ కూర్చుంది. కట్టిన పీలిక తన చీరదే. అంచు, రంగు, అన్నీ తనవే. కానీ తనకి దూది మూట ఎక్కడిది? తమ పరుపు మంచం మీదే ఉంది, దాన్ని ఎప్పుడూ విప్పలేదు. మరి ఇది ఎవరిది? ఎవరో నమ్మి చేతికిచ్చిన దూది. పీలిక చూస్తే మనిషి గుర్తుకు రావాలి. పీలిక చూస్తే తనే కనపడుతోంది. ఇన్నేళ్ళలో ఎన్నడూ లేనిది, ఎవరి దూదో తెలియని మూట ఒకటి తన ఒళ్ళో ఉంది. పేర్లు చెప్పుకుంది. పిచ్చమ్మ, దుర్గ, ఇంకా, ఇంకా. ఎక్కడా పట్టు దొరకలేదు.

తల మొరాయించింది. చేతులు మాత్రం ఎప్పటి పని అవి చేశాయి. ముడి విప్పి, గుప్పెడు దూది తీసి, వేళ్ళతో పాయలు విడదీశాయి. ఏకని దూది, గట్టిగా, ఏళ్ళ తరబడి ఒక మనిషి నడుం కింద నలిగినది. విడదీస్తుంటే ఆమె అరచేతిలోకి ఇసక రాలింది. సన్నని సముద్రపు ఇసక. దానితోపాటు గోరంత ఆకుపచ్చ వలదారం.

ముసిలిదవతాది అంది ఒక గొంతు.

షాజాదీ కళ్ళు మూసుకుంది. ఎండ, ఒడ్డున పడవలు, కొంగు విప్పుతున్న చేతులు. నా దూదిలో పండుకుంటే ఆ బిడ్డ కూడా ముసిలిదవతాది. నాగులమ్మ. ఉష. కార్తీక మాసం. ఇది కార్తీకమే. ఆమె ఇసకని, దారాన్ని జాగ్రత్తగా మళ్ళీ దూదిలోనే పెట్టి ముడి వేసింది. పీలిక మార్చలేదు.

మూట మంచం మీద పెట్టి, తలుపు దగ్గరికి వచ్చి, రాడ్డు పట్టుకుని కాలు కిందికి పెట్టింది. మెట్టు నిలబడింది. కూతురి ఇంటిముందు తడి మట్టిలో షాజాదీ రెండు కాళ్ళ మీద నిలబడింది. ఉండిపోవాలనుకుంటే ఇప్పుడు అడ్డేమీ లేదు.

సాహిర తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొగకో, ఏడుపుకో. "పాలన్నీ పొంగిపోయినాయమ్మా. గిన్నె నల్లగా అయిపోయింది."

"చింతపండు వేసి నానబెట్టు, పోతాది. సాహిరా, నేను పోవాల."

"యాడికి?"

"పాళేనికి. ఒకరికి మాటిచ్చినా."

"ఎవురికి? ఏం మాట?"

"చెప్పకూడదు."

సాహిర తండ్రి వైపు తిరిగింది. "నీకన్నా తెలుసా నాయనా?"

"నాకేం చెప్తాది ఈమె?"

"నీకు చెప్తే మైకులో చెప్పినట్టే" అంది సాహిర. ఆ మాట వాళ్ళింట్లో ఏనాటినుంచో ఉన్నదే. తర్వాత తల్లి దగ్గరికి వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "అమ్మా, నిజంగా గుర్తుండాదా నీకు? యాడికి పోవాల్నో, ఎందుకు పోవాల్నో?"

"ఇప్పుడుండాది" అంది షాజాదీ. "రేపుంటాదో లేదో తెలవదు తల్లీ. అందుకే ఇప్పుడే పోవాల."

సాహిర మెట్టుని చూసింది. రాడ్డుని చూసింది. దాన్ని పట్టుకుని ఒకసారి గట్టిగా ఊపింది. కదల్లేదు. వంగి, తండ్రి చేతిలోని సంచి తీసుకుని బస్సులోకి తోసింది.

"రోజూ సాయంత్రం ఫోను చెయ్యాల. మరిచిపోతే నేనే చేస్తా."

"జయకుమార్‌కి ఏం చెప్పేది?" అన్నాడు నవీద్.

"దోసెలు ఇంకోచోట పోసుకోమను" అన్నాడు దరియావలి. అప్పటికే ఆయన స్టీరింగు దగ్గరికి పోయాడు. కుంటడం కూడా మరిచిపోయాడు.

పాళెం చేరేసరికి చెంగయ్య ఇంటికి తాళం. ఉషని నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోయారని, ఎందుకో తనకేమీ తెలియదని, అంతా తెలిసిన ముఖంతో పిచ్చమ్మ చెప్పింది. వాన కురుస్తూనే ఉంది. షాజాదీ ఆ రాత్రీ, మర్నాడూ మూటని దిండు పక్కన పెట్టుకుని పడుకుంది. దరియావలి ఏమీ అడగలేదు. ఆయన నోరు కట్టుకోవడం జీవితంలో అది రెండోసారి.

వాన తెరిపిచ్చిన పొద్దున నాగులమ్మ వచ్చింది. బస్సెక్కలేదు. కింద ఇసకలోనే నిలబడి, రెండు చేతులూ దగ్గరగా పెట్టి ఇంత అని చూపించింది.

"ఆడబిడ్డా?" అంది షాజాదీ.

నాగులమ్మ తలూపింది. "ఏడుస్తుండాదక్కా. ఊరంతా వినపడేటట్టు ఏడుస్తుండాది. నువ్వు ఉంటావో లేదో అనుకుంటా వచ్చినా."

"ఉంటానని చెప్పినా గదా."

ఆ ఒక్క గుప్పెడు దూదికి మిషను ఎందుకని, దరియావలి తాత విల్లు పైనుంచి దించి, ఇన్నేళ్ళ తర్వాత చేత్తో ఏకాడు. బస్సంతా తెల్లటి నలుసులు ఎగిరాయి. ఇసక రాలిపోయింది, దూది పొంగి ఒడినిండా అయింది. మెత్తటి తెల్లగుడ్డలో నింపి, షాజాదీ చుట్టూ కుట్టు వేసింది. మూరెడు పరుపు. చివర మిగిలిన చీర పీలికని కూడా ఒక మూల లోపలికి మడిచి కుట్టేసింది. ఎందుకని దరియావలి అడిగితే, "నేను మరిచినా ఆ పిల్ల నామీద పండుకుంటాది" అంది.

మర్నాటి తెల్లవారి టీకి నీళ్ళు పెట్టి, ఊళ్ళ పేర్లు మొదలుపెట్టింది. నడుమ ఒక ఊరు రాలేదు. కాసేపు చూసింది. మళ్ళీ మొదటికి పోలేదు. ఆ ఊరు వస్తే బస్సు ఎటూ ఆగుతుంది, అప్పుడు చూసుకోవచ్చు. తర్వాతి ఊరికి పోయింది.

టీ గ్లాసు ఒక చేత్తో, రాడ్డు ఇంకో చేత్తో పట్టుకుని కాలు పెట్టబోయింది. మెట్టు మర్యాదగా ముడుచుకుంది. ఒడ్డున వలలు దులుపుతున్న చెంగయ్య, నీళ్ళకి పోతున్న పిచ్చమ్మ, అలవాటుగా సముద్రం వైపు తిరగబోయారు.

"ఏం మరిచినావు?" అన్నాడు దరియావలి కిందినుంచి.

"పొయ్యి!" అని షాజాదీ ఒడ్డంతా వినపడేటట్టు చెప్పి, కట్టేయడానికి లోపలికి పోయింది. పిచ్చమ్మ బిందె దించి నవ్వింది.